నాలుగో మెథడ్

"శుక్రవారం నువ్వు ఇంట్లోనే ఉంటావుగా" అన్నాడు మా ఆయన రవికిరణ్ బూట్లు తొడుక్కుంటూ. తన టీమువాళ్ళు ఆరుగురు సాయంత్రం నాలుగింటికి వస్తున్నారట, నా చేతి పునుగులు తినాలని ఎన్నాళ్ళుగానో అడుగుతున్నారట. హైటెక్ సిటీ ఆఫీసులో కూర్చున్నా, కూకట్‌పల్లి ఫ్లాటులో కూర్చున్నా నాది అదే ఎనిమిది గంటల ఉద్యోగం. ఇంట్లో చేస్తే మాత్రం మావాళ్ళు దాన్ని సెలవంటారు. పైగా నాలుగింటికే నాకు ఆన్‌లైన్‌లో ఇంటర్వ్యూ. పదకొండేళ్ళుగా టెస్టింగులో ఇతరుల తప్పులు వెతుకుతున్న నన్ను, ప్రోగ్రాములు రాసే టీములోకి తీసుకుంటారో లేదో తేలేది ఆ గంటలోనే. ఆ మాటే చెప్పాను. "ఈ వయసులో కొత్తగా ఏం నేర్చుకుంటావు జయంతీ, వాయిదా వెయ్యమను" అని లిఫ్టు ఎక్కేశాడు.

ఉక్రోషంగా ల్యాప్‌టాప్ తెరిచి, చదవాల్సిన పాఠం పక్కన పెట్టి 'కోడలు' అని ఒక క్లాసు రాశాను. క్లాసంటే నమూనా. మెథడ్లంటే ఆ నమూనాలో పుట్టినవాళ్ళకు వచ్చే పనులు. వండటం, వడ్డించడం, సరేననడం, మూడే పెట్టాను. ఒక కోడల్ని పుట్టించాను. ఆ తర్వాత, ప్రోగ్రాము నడుస్తుండగానే, క్లాసుకు నాలుగో మెథడ్ చేర్చాను. కుదరదనడం. ఇకమీదట పుట్టేవాళ్ళకే అది వస్తుందని నా లెక్క. ఎందుకైనా మంచిదని పాత కోడల్నే పిలిచి చూశాను.

'కుదరదు' అని తెరమీద పడింది.

ప్రోగ్రాము ఆపలేదు. ఆమెను చెరిపేసి మళ్ళీ పుట్టించనూ లేదు. పుట్టినప్పుడు లేని మాట, నమూనాలో చేరిన మరుక్షణం ఆమెకూ వచ్చేసింది. ఇంత పెద్ద సంగతి రెండు మూడు వరుసల్లో ఎలా ఇమిడిందా అని, చేతులు ఒళ్ళో పెట్టుకుని చూస్తూ ఉండిపోయాను. కుక్కర్ ఎన్ని కూతలు వేసిందో తెలియదు.

రవికి ఫోన్ చేశాను. "శుక్రవారం సాయంత్రం నాకు కుదరదు. ఇంటర్వ్యూ ఉంది" అన్నాను.

అయితే ఫోను అమ్మకివ్వు అన్నాడు. స్పీకరు నొక్కి ఫోను అత్తయ్య పుణ్యవతిగారి ముందు పెట్టాను. ఇంట్లో ఎవరు ఎంతమందిని పిలిచినా నలభై ఆరేళ్ళుగా మారుమాట్లాడకుండా పొయ్యి వెలిగించిన మనిషి ఆవిడ. పునుగులు నువ్వు వేసెయ్యమ్మా అని కొడుకు అడుగుతుంటే, ఒలుస్తున్న చిక్కుడుకాయలు పళ్ళెంలో వదిలేసి నా మొహంలోకి చాలాసేపు చూశారు.

"నాక్కూడా కుదరదురా" అన్నారు.