కారు లావెక్కదు

టైలరు మామ కుట్టిన బట్ట బిగుతైందన్న మనిషి ఆ వీధిలో లేడు. కొలతకి రెండు వేళ్లు ఎక్కువ వదలందే ఆయన కత్తెర ఆడదు. రేపు మనిషి ఒళ్లు చేస్తే విప్పుకోవడానికి ఉండొద్దా అంటాడు. ఇదుగో, ఆ రెండు వేళ్లే ఆ రోజు ఆయన పీకల మీదకి తెచ్చాయి.

పదకొండింటికి ఆసుపత్రి నుంచి కూతుర్నీ, ఐదు రోజుల మనవరాలినీ ఇంటికి తీసుకురావాలి. పొద్దుట్నుంచీ మబ్బు కమ్ముకునే ఉంది. పోయిన నెల ఇలాంటి వానలోనే ఆయన కారు వైపర్ల రబ్బరు పీలికలై, నీళ్లు తుడవడం మాని అద్దమంతా పులిమేసింది. ముందు ఆగి ఉన్న బస్సు జానెడు దూరంలోకి వచ్చాక గానీ ఆయనకి కనబడలేదు. పక్కనున్న భార్య అప్పుడు పట్టుకున్న తలుపు పిడి ఇల్లు చేరేదాకా వదల్లేదు. ఇంటికొచ్చాక మాత్రం, ఆ వైపర్లు బాగయ్యేదాకా పుట్టబోయే పసిగుడ్డుని ఈ కారెక్కించేది లేదని తేల్చి చెప్పేసింది. మరి వెంటనే బాగుచేశాడా? ఇవాళ, రేపు అంటూ నెల లాగించాడు మహానుభావుడు. ఇప్పుడేమో మనవరాలు మొదటిసారి ఇంటికి ఎవరి టాక్సీలోనో వస్తుందేమోనని ఆయన దిగులు.

మెకానిక్ బావమరిది రెండు రబ్బరు పట్టీలు పంపి, ఫోన్లో పాఠం చెప్పాడు. పాత రబ్బరు లాగేసి, దానికి రెండు పక్కలా ఉన్న సన్నటి ఇనప బద్దల్ని కొత్తదానికి తొడగాలి. వాటి వంపు తిరగబడకూడదు. తర్వాత ఫ్రేము కొక్కేల్లో ఒక్కటీ వదలకుండా దూర్చి, చివర టక్కుమనేదాకా తొయ్యాలి. మామ లంగాకి బొందు ఎక్కించినంత సులువుగా ఎక్కించేశాడు. పట్టీ పొడవు కత్తిరించుకోమన్నాడు గానీ, ఎంతకో బావమరిది చెప్పలేదు. టైలరుకి కత్తిరింపు నేర్పాలని ఎవరికి తోస్తుంది చెప్పండి?

తన అలవాటు ప్రకారం కత్తిరించి, అద్దం మీద చెంబెడు నీళ్లు పోసి స్విచ్ వేశాడు. రెండు వైపర్లూ ఎదురొచ్చి, చివర్లు మెలిపడి, మూలిగి ఆగిపోయాయి. విడదీసి చూస్తే ఒక రబ్బరు చివర చిరిగి వేలాడుతోంది. ఇంకో పట్టీ లేదు, టైము పదిన్నర, చినుకులు మొదలయ్యాయి. గుమ్మంలో భార్య సంచీ కింద పెట్టి, టాక్సీ కోసం ఫోను తీసింది.

ఒక్క నిమిషం ఆగమని ఆమెని బతిమాలి, మామ బావమరిదికి ఫోన్ చేశాడు. సంగతంతా విని, ఎంత వదిలావని అడిగాడతను. రెండు వేళ్లన్నాడు మామ.

"బావా, కారు లావెక్కదు. ఇనప బద్ద ఎంతో రబ్బరూ అంతే."

మామ సిగ్గుపడే తీరిక కూడా లేక టేపు తీశాడు. చిరుగు ఒకటిన్నర వేళ్ల దగ్గర ఆగిపోయింది. చిరిగిందంతా ఆయన ఎక్కువ వదిలినదే. హమ్మయ్య! రెండింటినీ బద్దకి సమంగా కత్తిరించి, మళ్లీ స్విచ్ వేశాడు. వైపర్లు వేటి దారిన అవి వెళ్లొచ్చాయి. అద్దం తళతళలాడింది. భార్య ఫోను సంచీలో పడేసి, వచ్చి ముందు సీట్లో కూర్చుంది.

తిరిగి వచ్చేటప్పుడు కుండపోత. వెనక సీట్లో ఒళ్లో బిడ్డతో కూతురు, ఆమె పక్కనే భార్య. ముందున్న ప్రతి బండీ, దాని వెనకున్న నంబరుతో సహా కనబడుతోంది. మామ ఊపిరి తేలిగ్గా తీసుకున్నాడు. సగం దారిలో భార్య తలుపు పిడి వదిలేసి వెనక్కి వాలడం వెనక చూపే అద్దంలో చూసి, ఇంకాస్త తేలిగ్గా తీసుకున్నాడు.

ఇంటికొచ్చాక మామ కుట్టిన గౌను బిడ్డకి తొడిగారు. చేతులు కనబడకుండా పోయాయి. మామ నాలిక్కరుచుకుని, కాస్త కత్తిరిస్తానంటూ కత్తెరకోసం లేచాడు.

భార్య ఆయన చెయ్యి పట్టుకుని కూర్చోబెట్టింది.

"దీన్ని ముట్టుకోకండి. పిల్ల పెరుగుతుంది."