జబ్బుపడ్డవాడి జాగా

కృష్ణప్రియకు ఒళ్లు మండిపోయింది. నూటడెబ్బై ఏళ్ల కింద కాలిఫోర్నియా కొండల్లో బంగారం తవ్వుకున్న ఎవడో మనిషి గురించి ఆమె రాసింది తప్పని స్క్రీన్ మీద మళ్లీ ఎర్రగా వచ్చింది. అక్కడి పాత రికార్డుల ఫొటోలు చదివి, ఏ జాగా ఎవరి చేతిలో ఉండేదో కంప్యూటర్లోకి ఎక్కించడం ఆమె పని. తవ్వింది వాళ్లు, కళ్లు పోగొట్టుకునేది హైటెక్ సిటీలో వీళ్లు, అదీ కాంట్రాక్టు మీద.

అసలు మంట వేరే ఉంది. సోమవారం ఆమెకు గర్భసంచి ఆపరేషన్. బోరబండలో ఇంటిపట్టున ఉండి కోలుకుని తిరిగొచ్చేసరికి ఈ సీటు ఉంటుందో ఊడుతుందో ఎవరూ నోరు విప్పి చెప్పరు. చూద్దాం అంటారు. ఆ చూద్దాం వినీ వినీ ఆమెకు ప్రాణం విసిగిపోయింది.

లేచి టీమ్ లీడ్ మధుసూదన్ దగ్గరికి వెళ్లింది. కడప మనిషి, మెత్తనివాడే, కానీ ఏదడిగినా సిస్టమ్ మీదికి తోసేస్తాడు.

"సార్, ఈయన జాగ వదిలిపెట్టి పోలే. జరమొచ్చి పన్నడు. నేను గదే రాసిన."

"మనిషి ఆడ లేడు కదమ్మా. లేకుంటే 'వదిలేశాడు' అనే పెట్టల్ల. ఇంకో ఆప్షన్ లేదు."

"మీరు పెట్టలే గానీ ఆళ్లు పెట్టుకున్నరు. జర చదువుండ్రి."

ఆ రికార్డు మొదటి పేజీ ఆయన స్క్రీన్ మీద తెరిచి చూపించింది. గనులవాళ్లంతా సభ పెట్టుకుని, చేతులెత్తి చేసుకున్న కట్టుబాటు అది. పని మానేసినవాడి జాగా ఎవరైనా తీసుకోవచ్చు, జబ్బుపడ్డవాడి జాగా మాత్రం ఎవరూ ముట్టకూడదు.

మధుసూదన్ మళ్లీ మళ్లీ చదివాడు. "నిజమే. 'జబ్బు' అని కొత్త ఆప్షన్ పెట్టిస్తాలే. సాయంత్రానికి అయిపోతాది."

ఎప్పుడో మట్టిలో కలిసిపోయినవాడికి సాయంత్రానికల్లా పనైపోతుందట. ఆమెకు నవ్వూ ఏడుపూ ఒక్కసారే వచ్చాయి.

"మరి నా సీటు సార్?"

ఆయన మౌస్ వైపు చూశాడు. "అది నా చేతిలో లేదు కదమ్మా. సోమవారం కొత్తమ్మాయి చేరుతాంది. నీకు మెయిల్ వస్తాది."

అంటే ఎప్పుడో తేల్చేశారన్నమాట, ఇన్నాళ్లూ చూద్దాం చూద్దాం అంటూనే. కృష్ణప్రియ వెనక్కి తిరిగి, హాలంతా వినబడేలా అంది.

"ఆపరేషన్ చేయించుకొని వచ్చేదాంక నా జాగ నాకే ఉండాలె అనేటోళ్లు చెయ్యెత్తుండ్రి."

కొందరు హెడ్‌ఫోన్లు తీశారు. పక్క సీటు వాసంతి, రోజూ ఆమె టిఫిన్ డబ్బాలో చెయ్యి పెట్టి తినేదే, ఒకసారి తలెత్తి చూసి మళ్లీ దించుకుంది. అందరి చేతులూ కీబోర్డుల మీదే ఉన్నాయి.