వంటింటి ఎర్రబల్బు

మా ఆయనకు గొంతు నొప్పి. నన్ను పిలిచి పిలిచి వచ్చిందట. ఈ సంగతి నాతో చెప్పలేదు, మా అమ్మాయితో చెప్పాడు. అది నోటుబుక్కులో నీలం సిరాతో, కింద గీత కొట్టి మరీ రాసుకుంది.

అడిగి రాసుకోమన్నది నేనే. తొమ్మిదో తరగతికి టెక్నాలజీ చెప్తాను, అందులో డిజైన్ థింకింగ్ అని ఒక భాగం ఉంది. ఏదైనా వస్తువు చెయ్యాలంటే ముందే తీగలూ స్క్రూడ్రైవరూ ముట్టుకోకూడదు. ఒక మనిషి దగ్గరికి వెళ్ళి నీకేం ఇబ్బంది అని అడగాలి, చెప్పింది వినాలి, తర్వాత నమూనా చేసి, వాడేవాళ్ళ చేత వాడించి చూడాలి. ఇంతే. దీన్ని మా హెడ్మాస్టరు అట్టముక్కల క్లాసు అంటాడు. లెక్కల మాస్టరుకు సిలబస్ మిగిలిపోతే నా పీరియడే లాక్కుంటాడు, "మీదేముందిలెండి మేడమ్, ఆటపాటలేగా" అని. ఎవరైనా పెద్దలు స్కూలు చూడ్డానికి వస్తే మాత్రం నా ల్యాబులోనే కుర్చీలు వేస్తారు. నేను టీ కప్పులు అందిస్తుంటాను, హెడ్మాస్టరు సృజనాత్మకత గురించి మాట్లాడుతుంటాడు. ఆ మాట పలికేసరికి ఆయన నాలుక రెండుసార్లు మడతపడుతుంది.

మా అమ్మాయి నా క్లాసులోనే ఉంది. స్కూల్లో మేడమ్ అంటుంది, గేటు దాటగానే అమ్మా అంటుంది. ఇంట్లో అందరినీ అడిగి రమ్మంటే శ్రద్ధగా అడిగింది. వాళ్ళ నాన్నకు గొంతు నొప్పి. వాళ్ళ నాయనమ్మకు నేను వినిపించుకోనన్న బాధ. "మీ అమ్మకు మిక్సీ మోతలో లోకం వినపడదు, పిలిచి పిలిచి ప్రాణం పోతోంది" అందట మా అత్తగారు. అంత ప్రాణం పోతున్న మనిషి ఆ మాటన్నది సోఫాలో కాళ్ళు చాపుకుని, నేను ఒలిచిచ్చిన కమలాపండు తొనలు తింటూ. సోఫాకీ వంటింటికీ మధ్య పదకొండు అడుగులు. కొలిచాను, కొలతలు నేర్పేదాన్ని కదా. పదహారేళ్ళ కాపురంలో ఆ పదకొండు అడుగులు తల్లీకొడుకుల్లో ఒక్కరికీ దాటబుద్ధి కాలేదు.

పదిహేను రోజుల్లో నమూనా తయారైంది. సోఫా చేతిమీద ఒక మీట, వంటింట్లో పొయ్యి పైన గోడకు ఒక ఎర్రబల్బు. ఒకసారి వెలిగితే మంచినీళ్ళు, రెండుసార్లు వెలిగితే టీ, మూడుసార్లంటే ఉన్నపళంగా రావాలి. తీగలు ఎంత పొందిగ్గా అతికించిందో! టీచరుగా నా ఛాతీ పొంగింది, ఒక్క నిమిషం. ఆ నిమిషంలోనే బల్బు రెండుసార్లు వెలిగింది, నేను వెళ్ళి టీ పెట్టాను. "చూశావా, గొంతెత్తకుండా పనైపోయింది" అని మా ఆయన చేతులు రుద్దుకున్నాడు. "పర్లేదే, మీ క్లాసులో పనికొచ్చేవి కూడా నేర్పిస్తారన్నమాట" అన్నాడు. నా ఉద్యోగం గురించి ఆయన నోటి నుంచి నేను విన్న మొదటి మెప్పు అది.

స్కూలు ప్రదర్శనలో మొదటి బహుమతి దానికే వచ్చింది. హెడ్మాస్టరు మీట నొక్కి నొక్కి చంటిపిల్లాడిలా మురిసిపోయి, "మా ఆవిడకు కూడా ఒకటి చేసిపెట్టమ్మా" అన్నాడు. అందరూ నవ్వారు. ఆడ టీచర్లు కూడా నవ్వారు, అదే నాకు ఎక్కువ మండింది. "పెద్ద పోటీకి పంపిద్దాం మేడమ్. మీరొక్క సంతకం పెడితే చాలు, సోమవారం ఆఖరు" అని ఫారం నా చేతిలో పెట్టాడు.

ఆదివారం ఆ ఫారమూ ప్రాజెక్టు చార్టూ టేబుల్ మీద పరచుకుని కూర్చున్నాను. చార్టులో అమ్మాయి ప్రతి భాగానికీ బాణం గుర్తు వేసి పేరు రాసింది. బ్యాటరీ, మీట, తీగ, బల్బు. బల్బు నుంచి ఇంకో బాణం, దాని చివర పొగలు కక్కే టీ కప్పు బొమ్మ. బల్బుకూ కప్పుకూ మధ్య ఎవరూ లేరు. అంటే ఎర్రబల్బు వెలగ్గానే టీ దానంతటదే మరిగి, దానంతటదే కప్పులోకి దూకి, పదకొండు అడుగులు నడిచి మా ఆయన చేతిలోకి వస్తుందన్నమాట.

కోపంగా నోటుబుక్కు తీశాను. అందరినీ అడిగి నన్ను మాత్రం వదిలేసిందని రుజువు దొరుకుతుందనుకున్నాను. వదిలెయ్యలేదు. నాలుగో పేజీలో ఉంది. "అమ్మ: నాకేం ఇబ్బంది లేదు. జరుగు, గిన్నెలు తోముకోనీ." పైన తారీఖు కూడా వేసింది.

ఇంతసేపూ అందరినీ తీసిపారేస్తూ వచ్చాను, ఆ పేజీ దగ్గర నా వంతు వచ్చింది. ఒక పిల్ల పెన్ను పట్టుకొచ్చి, ఆ ఇంట్లో ఎవరూ ఎన్నడూ అడగని మాట అడిగితే, సింకు దగ్గర అడ్డమని తరిమేశాను. నలభైమంది పిల్లలకు పాఠం చెప్పేదాన్ని! నా మీద నాకు కలిగినంత ఏవగింపు మా ఆయన మీద కూడా ఎప్పుడూ కలగలేదు. అబద్ధం చెప్పింది నేను, అది నమ్మింది. నమ్మి, దానికి సరిపడా తీగలు చుట్టింది. రేపు తనూ ఏదో ఇంట్లో ఏదో బల్బు చూసి లేస్తుంది, ఎవరైనా అడిగితే నాకేం ఇబ్బంది లేదంటుంది.

అమ్మాయిని పిలిచాను. "సంతకం పెట్టను. వాడేవాళ్ళందరి దగ్గరా పరీక్ష చెయ్యలేదు నువ్వు" అన్నాను.

దాని ముఖం కందిపోయింది. "ఫస్ట్ ప్రైజ్ వచ్చింది కదమ్మా!"

"కన్నకూతురి మీద కూడా అసూయేనా? సంతకమేగా, పెట్టిపారెయ్" అని మా ఆయన సోఫాలోంచే అరిచాడు. గొంతు భేషుగ్గా ఉంది. "టీచరమ్మ దర్జా ఇంట్లో కూడానా" అని మా అత్తగారు అందుకుంది. వాళ్ళకు ఇచ్చిన జవాబులు ఇప్పటిదాకా దేనికీ పనికిరాలేదు.

"వాడేది నాన్న, నాయనమ్మ. ఇంకెవరున్నారు?" అంది అమ్మాయి ఏడుపు దిగమింగుకుంటూ.

చార్టులో బల్బుకూ కప్పుకూ మధ్య ఉన్న ఖాళీలో వేలు పెట్టాను. అది చూసింది. బల్బు దగ్గర్నుంచి కప్పుదాకా తనూ వేలు జరిపింది.

"నిన్నూ అడిగాను. ఏమీ లేదన్నావుగా" అంది.

"అబద్ధం చెప్పాను. మళ్ళీ అడుగు."

ముక్కు తుడుచుకుని, కొత్త పేజీ తిప్పి తారీఖు వేసింది. "చెప్పు. నీకేం ఇబ్బంది?"

"కుర్చీ లాక్కుని కూర్చో" అన్నాను. "ఒక్క పేజీ చాలదు."