అందరికీ అర్థమైంది

డాక్టర్ మావులి అగ్బెకో గారికి కోపం రాదని మా డిపార్ట్‌మెంటులో అందరూ మెచ్చుకునేవారు. నాకు మాత్రం ఆయన మీద ఉన్న కోపమే అది. ఘానాలో పుట్టి, ఇంగ్లండులో డాక్టరేటు చేసి, బహ్రెయిన్ వచ్చి స్థిరపడ్డ మనిషి. కూలిపని చేసేవాళ్ళకు ఏ భాషలో ఎలా చెబితే ప్రమాదం తప్పుతుందన్నది ఆయన జీవితమంతా చేసిన పరిశోధన. ఆ విషయం మీద ఎవరు ఏం రాసినా ఆయన పేరు ఎత్తక తప్పదు. అంతటివాడి చేత మా యూనివర్సిటీవాళ్ళు మొదటి సంవత్సరం పిల్లలకు కామాలూ ఫుల్‌స్టాపులూ చెప్పించారు. ఆయన రాసినదాంట్లో పావు వంతు కూడా రాయనివాళ్ళు, తోలు తెల్లగా ఉన్న పుణ్యాన, ఆయన కళ్ళముందే ప్రొఫెసర్లయ్యారు. ఈ మాట నేను స్టాఫ్‌రూంలో గట్టిగానే అనేదాన్ని. ఆయన వినపడనట్టు టీ తాగేవారు.

నేను ఆయన దగ్గర పీహెచ్‌డీ చేస్తూ అక్కడే ఇంగ్లీషు చెబుతున్నాను. మాది విజయవాడ. పెళ్ళయ్యాక మా ఆయన అనురాగ్ ఉద్యోగం కోసం వచ్చి సనాబిస్‌లో కాపురం పెట్టాం. నాకు నోరు ఎక్కువని అత్తగారి దగ్గర నుంచి అద్దె ఇంటి ఓనరు దాకా అందరూ ఒప్పుకున్న విషయమే.

ఎట్టకేలకు ఈ ఏడాది అగ్బెకో గారి ప్రమోషన్ కదిలింది. కదలడానికి కారణం ఉంది. అరవై నిండితే మామూలు లెక్చరర్లకు కాంట్రాక్టు పొడిగించరు, ప్రొఫెసర్‌ అయితే ఇంకో అయిదేళ్ళు ఉండొచ్చు. ఆయనకు చలికాలంలో అరవై నిండుతాయి. ఈలోగా ప్రొఫెసర్ కావాలి, లేదా సామాను సర్దుకోవాలి. ఆ అయిదేళ్ళూ దొరికితే తన పరిశోధన మొత్తం ఒక పుస్తకంగా రాయాలని ఆయన ఆశ. మా డీన్ ఆయన్ని పిలిచి, "మీ గని పేపరు ఒక్కటి చాలు. అయినా ఈ దేశంలో చేసిన కొత్త పని ఏదైనా కలిపి కమిటీ ముందు మాట్లాడండి, ముచ్చటపడతారు" అన్నాడు.

గని పేపరంటే ఆయన పేరు నిలబెట్టిన పేపరు. ఘానాలో ఒక బంగారు గనిలో కూలీలకు జాగ్రత్తలు ఇంగ్లీషులో వారం రోజులు నేర్పేవారట. కుర్ర పరిశోధకుడిగా ఈయన వెళ్ళి, వాళ్ళ భాషలోనే, బొమ్మలు చూపించి, ఒక్క పూటలో చెప్పించారు. చివర అర్థమైందా అని అడిగితే దాదాపు అందరూ అర్థమైందన్నారు. మాతృభాష గొప్పతనానికి రుజువుగా ఆ పేపరు దేశదేశాలు తిరిగింది.

కొత్త పనికి మీనా సల్మాన్ రేవులో ఓడల విడిభాగాలు చేసే ఒక వర్క్‌షాప్ దొరికింది. అక్కడ పనిచేసేవాళ్ళలో ఎక్కువమంది నిర్మల్, జగిత్యాల వైపు తెలుగువాళ్ళు. దుబాసీని నేనే. ఇనుప రేకులు వంచే పెద్ద రోలర్ మెషిన్ ముందు పొద్దున్నే అందరినీ నిలబెట్టాం. చెప్పాల్సింది చిన్న సంగతి. మెషిన్ శుభ్రం చేసేముందు మెయిన్ స్విచ్ ఆపి, లోపల చేయిపెట్టే ప్రతివాడూ దానికి తన తాళం తనే వేసుకోవాలి. తాళంచెవి తన జేబులోనే ఉంచుకోవాలి. తన పని అయ్యాకే తీయాలి. అంతే.

అగ్బెకో గారు బొమ్మలు చూపిస్తూ చెప్పారు, నేను తెలుగులో చెప్పాను. ఆగస్టు ఉక్కకు ఆయన చొక్కా తడిసి ఒంటికి అంటుకుపోయింది. చివర ఆయన కోరిక మీద అడిగాను, "అందరికీ అర్థమైందా?"

"సమజైంది మేడం," అన్నారు ముక్తకంఠంతో. వాళ్ళలో పెద్దవాడు పోశన్న, గడ్డం నెరిసిన మనిషి, ముందుకొచ్చి అగ్బెకో గారి చేతులు రెండూ పట్టుకున్నాడు. "మంచిగ జెప్పిండు సారు. చాయ్ తాగి పొమ్మనుండ్రి."

తిరుగుదారిలో ఆయన హుషారుగా ఉన్నారు. నా నోరు ఊరుకోలేదు.

"సార్, వాళ్ళు అర్థమైందన్నారు గాని, అర్థమైందో లేదో మనకు తెలీదు."

"నువ్వు పుట్టకముందు నుంచీ ఇదే పనిలో ఉన్నాను ఉజ్వలా," అని నవ్వారు.

"కావచ్చు. కానీ మావాళ్ళు పెద్దవాళ్ళ మొహం మీద అర్థం కాలేదనరు. అలా అంటే మీకు చెప్పడం చేతకాలేదని అన్నట్టు. మా అమ్మ డాక్టరు చెప్పినదానికల్లా తలూపి, బయటికి రాగానే 'ఏమన్నాడే ఆయన' అని నన్ను అడుగుతుంది."

ఆయన నవ్వు ఆగిపోయింది. సిగ్నల్ పడింది, పచ్చలైటు వచ్చింది, వెనకబండివాడు హారన్ కొట్టాడు.

"మా అమ్మా అంతే," అన్నారు చివరికి.

మర్నాడు పొద్దున్నే మళ్ళీ వర్క్‌షాప్‌కి తీసుకెళ్ళమన్నారు. ఈసారి ఏమీ చెప్పలేదు, ఏమీ అడగలేదు. నిన్న చెప్పింది చేసి చూపించమన్నారు. వెంకటి అనే అతను స్విచ్ ఆపి, తన తాళం చక్కగా వేసి, చెవి తీసి తిన్నగా వెళ్ళి పోశన్నకు ఇచ్చాడు. రెండోవాడూ అంతే. మూడోవాడూ అంతే. పోశన్న మెడలో తాడుకు తాళంచెవుల గుత్తి వేలాడుతోంది.

"అదేంటి పోశన్నా! ఎవరిది వాళ్ళ జేబులోనే ఉండాలని నిన్న చెప్పాం కదా?"

"చెప్పిన్రు బిడ్డా. కాని పెద్దోన్ని నేనుండంగ పోరగాండ్ల దగ్గరెందుకు? యాడన్న పారేసుకుంటరు. నా దగ్గరుంటే పదిలం."

"నువ్వు చాయ్‌కి పోతూ ఆ గుత్తి ఇంకెవరి చేతిలోనన్నా పెడితే? అందరూ బయటికొచ్చారనుకుని వాడు తాళాలన్నీ తీసి మెషిన్ నడిపితే? వెంకటి చేయి ఇంకా లోపలే ఉంటే?"

పోశన్న గుత్తి వైపు చూసుకున్నాడు. వెంకటి తన చేతి వైపు చూసుకున్నాడు.

"గందుకా!" అన్నాడు పోశన్న. "ఎందుకట్ల అనేది నిన్న సమజ్ గాలే."

"మరి సమజైందన్నావెందుకు?"

"గంత పెద్దమనిషి, గా వయసుల, ఎండల వడి మా కోసం వచ్చి నోరు నొప్పెట్టంగ చెప్తే, సమజ్ గాలే అని మొఖం మీద ఎట్లంటం బిడ్డా? మర్యాద అనిపిచ్చుకోదు."

నేను ప్రతి మాటా ఇంగ్లీషులో చెప్పాను. అగ్బెకో గారు పక్కనున్న ఖాళీ డ్రమ్ము మీద కూర్చుండిపోయారు. గుత్తిలోంచి ఎవరి చెవి వాళ్ళకు పంచి పెట్టించేదాకా అక్కడి నుంచి లేవలేదు.

కారెక్కాక నన్ను బండి కదపనివ్వలేదు. ఏసీ వేసుకుని, ఆ గోదాముల మధ్యే కూర్చుని, ఎన్నడూ చెప్పని సంగతి చెప్పారు. గని పేపరు వచ్చాక ఆ కంపెనీ వారం శిక్షణ ఎత్తేసి ఒక్క పూటకు కుదించింది. కొన్నేళ్ళకు, పేలుడు మందు పెట్టిన సొరంగంలోకి ఆగాల్సినంతసేపు ఆగకుండా ఒక షిఫ్టు వెళ్ళింది. ముందు నడిచింది వాళ్ళలో పెద్దవాడు, వెనక మిగతావాళ్ళు. నలుగురు పోయారు. విచారణలో కంపెనీ ఈయన పేపరే చూపించింది, కూలీలకు అన్నీ అర్థమయ్యాయని పండితుడే రాశాడని.

"అప్పటికి నేను ఇంగ్లండులో ఉన్నాను. కూలీల నిర్లక్ష్యం అని నాకు నేను చెప్పుకున్నాను. ఇన్నేళ్ళూ అదే చెప్పుకున్నాను. ఉజ్వలా, చిన్నప్పుడు మా మాస్టారు లెక్కలు చెప్పి అర్థమైందా అంటే, ఒక్క ముక్క తెలియకపోయినా అందరికంటే ముందు అవునన్నది నేను. కాదంటే ఆయన చిన్నబోతారని. ఇంగ్లండువాడు ఎవడైనా ఈ తప్పు చేస్తే క్షమించొచ్చు. నేనెలా చేశాను?"

నేను బండి కదిపాను.

ఇక ఆయన కమిటీ ముందు ఏం మాట్లాడబోతున్నారో నాకు తెలిసిపోయింది. డీన్‌కీ తెలిసింది, ఆయనే వెళ్ళి చెప్పారు కనక. డీన్ చెడ్డవాడేం కాదు. "గాలికి పోయే కంపను ఎందుకు ఒంటికి తగిలించుకుంటారు? ముందు ప్రొఫెసర్ అవండి, తర్వాత తీరిగ్గా రాయండి" అన్న అర్థం వచ్చేట్టు మర్యాదగా చెప్పాడు. ఇంటికొచ్చి చెబితే అనురాగ్ కూడా అదే పాట. "ఊరకున్నంత ఉత్తమం లేదు, బోడిగుండంత సుఖం లేదు. మీ సార్‌కి నువ్వన్నా చెప్పు." నేను చెప్పాను. సిగ్గు లేకుండా బతిమాలాను. ఆ అయిదేళ్ళూ, ఆ పుస్తకం, ఆయనకు న్యాయంగా రావాల్సినవి. అవి పోతాయంటే నాకు కడుపు మండింది. నేను ఆ వేళ కార్లో నోరు మూసుకుని ఉంటే బాగుండేదని కూడా అనేశాను.

"నువ్వు చెప్పకపోతే వెంకటి చేయి ఏమయ్యేది?" అన్నారు. మళ్ళీ ఆ మాట ఎత్తలేదు.

కమిటీ ముందు ఆయన టై కట్టుకుని నిలబడి, గొంతు పెంచకుండా చెప్పారు. తన పేపరు లెక్కకట్టింది కూలీల అవగాహనను కాదు, వాళ్ళ మర్యాదను. అడిగిన ప్రశ్నే తప్పు. ఆ తప్పు నలుగురు మనుషుల చావులో కలిసి ఉంది. ఆ పేపరును ఈ రోజుతో వెనక్కి తీసుకుంటున్నానని, పత్రికకు రాశానని కూడా అన్నారు. అంతా విని ఎవరూ ఏమీ అడగలేదు. అందరూ తలలూపారు. ఒకరిద్దరు చప్పట్లు కొట్టబోయి, కొట్టాలో వద్దో తెలియక ఆపేశారు. ఆ హాల్లో ఎవరికి ఏం అర్థమైందో ఆ పైవాడికి తెలియాలి.

వాళ్ళు తేల్చింది మాత్రం తేలికగానే తేల్చారు. ఏ పేపరు మీద ప్రమోషన్ ఇవ్వాలో ఆ పేపరే లేదన్నాడాయె, ఇక దేనికివ్వాలి? కొండనాలుకకు మందు వేస్తే ఉన్న నాలుక ఊడిందని స్టాఫ్‌రూంలో ఒకాయన జోకు వేస్తే, ఆయనతో నేను ఇప్పటికీ మాట్లాడను. కాంట్రాక్టు ముగిసింది. అంత పని చేసినవాడికి వీడ్కోలుగా ఒక కేకూ, ఒక గడియారమూ ఇచ్చారు.

పోశన్నకు ఎలా తెలిసిందో తెలిసింది. వెళ్ళేముందు ఒక్కపూట మామీర్‌లో తాముండే క్యాంపుకు భోజనానికి తీసుకురమ్మని ఫోన్ చేశాడు. శుక్రవారం మధ్యాహ్నం వెళ్ళాం. రేకుల పందిరి కింద ప్లాస్టిక్ కుర్చీలు వేసి, బగారన్నం, కోడికూర వండారు. అవతల ఫ్యాక్టరీ వాసన, ఇవతల మసాలా వాసన. అగ్బెకో గారు చేత్తోనే కలుపుకుని తిన్నారు. తమ ఊళ్ళోనూ అంతేనన్నారు.

"సారు ఎందుకు పోతున్నడు మేడం? వీసా ఇచ్చిన కఫీల్‌తోని ఏమన్న లొల్లా?" అని వెంకటి అడిగాడు.

నేను నోరు తెరిచేలోగా ఆయన తనే చెబుతానన్నారు. చిన్న మాటల్లో చెప్పారు. తన పేపరులో తప్పుందని, అది తనే బయటపెట్టానని, అందుకే ఉద్యోగం లేదని. నేను తెలుగు చేశాను. ఏళ్ళ తరబడి పాఠాలు చెప్పిన అలవాటు కొద్దీ, చివర ఆయన అడిగేశారు, "అర్థమైందా?"

అడిగాక ఆయనే నాలుక కరుచుకున్నారు. అప్పటికే అందరూ తలలూపారు. "సమజైంది సార్."

పోశన్న ఊపలేదు.

"నాకైతే సమజ్ గాలే సార్," అన్నాడు. వెంకటి మోచేత్తో పొడిచాడు. పోశన్న వాడి చేయి తోసేశాడు. "తప్పు పొరపాటు అందరు జేస్తరు. కాయితంల తప్పు వోతే దిద్దుకుంటరు. గింత సదువుకున్నాయన గా ఒక్కదానికి నౌకరెందుకు ఇడిశిపెడతడు? ఇంకోపారి జెప్పుమను."

'సమజ్ గాలే' అన్న రెండు మాటలూ అగ్బెకో గారికి అప్పటికే తెలుసు, నా దుబాసీతనం అక్కర్లేకపోయింది. ప్లేటు కింద పెట్టారు. ఆ గనిలో ఒక్కడంటే ఒక్కడు ఈ మాట అని ఉంటే! అనగలిగేట్టు ఈయన అడిగి ఉంటే! నాకు ఏడుపు ఆగలేదు.

కుర్చీ పోశన్న ముందుకు జరుపుకుని, ఈసారి ఏదీ దాచకుండా, గని దగ్గర నుంచి మొదలుపెట్టారు. అన్నం చల్లారిపోయింది, ఎవరూ లేవలేదు. అయ్యాక ఆయన అర్థమైందా అని అడగలేదు.

"ఇప్పుడు పోశన్నను చెప్పమను," అన్నారు నాతో.

పోశన్న గొంతు సవరించుకున్నాడు. "ఆళ్ళకు తెల్వలే. తెల్సిందని నిన్ను జూసి మర్యాదకన్నరు. నువ్వు గదే రాసినవ్. నువ్వు రాసిందాన్నిబట్టి కంపెనోడు నేర్పుడు బంద్ వెట్టిండు. గా నలుగురు సచ్చిపోయిన్రు. నీకు అప్పుడే తెల్సు, ఇన్నేండ్లు మాట్లాడలే. గదేనా సార్?"

చివరి మాట వదిలేద్దామని ఒక్క క్షణం అనిపించింది. వదల్లేదు. ఒక్క ముక్కా మెత్తబరచకుండా ఇంగ్లీషులో చెప్పాను.

అగ్బెకో గారు కళ్ళు కూడా తుడుచుకోకుండా పోశన్ననే చూస్తూ కూర్చున్నారు.

"ఇతనికి అర్థమైంది ఉజ్వలా," అన్నారు.