తాలు మెసేజీలు

పొద్దున్న ఆరున్నరకల్లా చేటమ్మ గుమ్మం ముందు వరుస మొదలవుతుంది. మెట్టు మీద పీట వేసుకుని, ఒళ్లో చేట పెట్టుకుని, "ఊఁ, ముందు ఎవరిది?" అంటుందావిడ. పళ్ల డాక్టరు దగ్గర పేర్లు రాసుకునే అమ్మాయి ఎప్పుడూ అందరికన్నా ముందుంటుంది. ఆ పిల్ల ఫోను బోర్లించి వెనక రెండుసార్లు తడితే, నిన్నటి నుంచి వచ్చిపడ్డ మెసేజీలన్నీ జలజలా చేటలోకి రాలతాయి. చేటమ్మ నాలుగుసార్లు చెరుగుతుంది. స్థలాలు కొనమనేవి, అప్పులిస్తామనేవి, లాటరీ తగిలిందనేవి, మూడు రోజుల్లో బట్టతల మీద జుట్టు మొలిపిస్తామనేవి, ఇలా తాలంతా పైకి లేచి, గాలికి కాలవ వైపు కొట్టుకుపోతుంది. పనికొచ్చేవి చేటలో మిగులుతాయి. వాటిని తిరిగి ఫోనులోకి వంచి, కొంగుతో అద్దం తుడిచి చేతికిస్తుంది.

"ఓటీపీలు కూడా పోయాయేంటి చేటమ్మా?"

"పది నిమిషాలు దాటితే అవీ తాలేనే అమ్మా. నడు, నడు. వెనక జనం ఉన్నారు."

ఆవిడ అసలు పని వీధి చివర ధాన్యం కొట్టుకి పప్పులూ పెసలూ బాగుచేసి ఇవ్వడం. ముప్పయ్యేళ్లుగా అదే పని. రెండేళ్ల కిందట ఒకరోజు పెసలు చెరుగుతుంటే కూతురి ఫోను జారి చేటలో పడింది. చేతులు ఆగేలోపే పొట్టుతో పాటు డెబ్భై మెసేజీలు ఎగిరిపోయాయి. కూతురు సిటీ బస్సులో కండక్టరు, నోరు కాస్త పెద్దది. తిట్టబోయి, ఫోను చూసుకుని, "అమ్మా, రేపు కూడా చెరుగు" అంది. అప్పటిదాకా ఒక నంబరు బ్లాక్ చేస్తే పది నంబర్లు మొలిచి విసిగిపోయిన వీధి వీధంతా ఆవిడ గుమ్మం పట్టింది. కాలవ దగ్గర ఊడ్చే ఆవిడ మాత్రం రోజూ సణుగుతుంది, ఆకులకన్నా మెసేజీలే ఎక్కువైపోయాయని.

లిఫ్టుగారు మొదటిసారి వచ్చింది ఒక సోమవారం. ఎదురుగా ఉన్న తొమ్మిదంతస్తుల ఆఫీసులో ఆయన లిఫ్టు నడుపుతాడు. ముప్పయ్యేళ్లు పైకీ కిందకీ తిరిగి ఎక్కడికీ వెళ్లని మనిషి. భార్య పోయి చాలా కాలమైంది. పిల్లల్లేరు. ఇస్త్రీ చొక్కా, పైజేబులో ఫోను. అది నిమిషానికోసారి మోగుతుంటే లిఫ్టులో అందరూ ఆయన వైపు చూస్తున్నారని, మొహమాటపడి వచ్చాడు.

చేటమ్మ చెరిగింది. రెండొందల పైచిలుకు మెసేజీలు లేచిపోయాయి. చేటలో ఒక్క గింజ మాత్రం టక్కుమంటూ మిగిలింది. ఆదివారం మధ్యాహ్నం పన్నెండున్నరకి రైలు టికెట్టు.

"ఊరికి వెళ్తున్నారా?" అంది చేటమ్మ.

"వెళ్లిపోతున్నానండీ. శనివారం నాకు ఆఖరి రోజు. కొత్త లిఫ్టు వస్తోంది, దానికి మనిషి అక్కర్లేదట. ఎక్కడో దూరంగా వృద్ధాశ్రమం ఉంది, అందులో గది మాట్లాడుకున్నాను. అదీ ఇలాంటి మెసేజీ చూసే." ఆయన కాలవ వైపు చూశాడు. "అన్నీ పోయాయా? ఒకటి రెండు ఉంచాల్సింది."

"తాలు ఎందుకండీ?"

"మోగితే తీసి చూస్తాను కదా. ఆ కాసేపూ ఎవరో పిలిచినట్టు ఉంటుంది. నన్ను 'ప్రియమైన' అనేది ఈ లోకంలో వాళ్లొక్కరే చేటమ్మగారూ." ఆయన నవ్వాడు. వరుసలో వాళ్లూ నవ్వారు. "నాకోసమని ఒక్క మెసేజీ వచ్చినా ఇక్కడే ఉండిపోయేవాణ్ణి" అని, ఆ మాటా నవ్వుతూనే అని వెళ్లిపోయాడు.

చేటమ్మకి నవ్వు రాలేదు. ఆ రోజు పెసల్లో రాళ్లు కూడా సరిగ్గా ఏరలేకపోయింది. ఎవరినో అడిగి ఆయన నంబరు సంపాదించి, మధ్యాహ్నం ఒక మెసేజీ పెట్టింది. "భోంచేశారా?"

మంగళవారం పొద్దున్న ఆయన ఫోను చెరిగితే అన్నిటికన్నా ముందు ఆ మెసేజీయే లేచింది. ఆయన కళ్ల ముందే, వరుసలో ఉన్న పదిమంది కళ్ల ముందే, కాలవ దాకా వెళ్లి పడింది. చేటమ్మకి తల తీసేసినట్టయింది.

"ఇవాళ గాలి ఎక్కువగా ఉందండీ" అన్నాడు లిఫ్టుగారు. ఆకు కూడా కదలడం లేదు.

పొరపాటు పొట్టిగా రాయడంలో ఉందేమో అనుకుని, ఆవిడ ఆ రోజు పొడుగ్గా రాసింది. ఎండలు ముదురుతున్నాయి, మంచినీళ్లు తాగుతుండండి, ఆరోగ్యం జాగ్రత్త అని. బుధవారం అది కూడా పోయింది. అప్పుడు పువ్వుల బొమ్మతో శుభోదయం పెట్టింది. గురువారం అదైతే కాలవ కూడా దాటి అవతలి గోడకి తగిలింది.

"పువ్వుల బొమ్మలు నువ్వే రోజూ అందరివీ ఎగరగొడతావు కదే తల్లీ" అని కూతురు పడీ పడీ నవ్వింది. మనసులో మాత్రం అమ్మ తీరు ఆమెకి వింతగానే ఉంది. కొట్టు యజమాని పెసల్లో రాళ్లు కలిపాడని నెల్లాళ్లు మాట్లాడటం మానేసిన మనిషి. ఇప్పుడు తనే ఒకాయన చేటలో కల్తీ గింజలు వెయ్యడానికి తంటాలు పడుతోంది.

అంతటితో ఆగిందా? లేదు. గురువారం మధ్యాహ్నం, "వంటింట్లో బల్బు పోయింది. వచ్చి మారుస్తారా?" అని రాసింది. బల్బు లక్షణంగా వెలుగుతోంది. సాయంత్రం ఆయన కొత్త బల్బు చంకలో పెట్టుకుని గుమ్మంలోకి వచ్చాక ఆ సంగతి గుర్తొచ్చి, ఆవిడ పరుగున వెళ్లి స్విచ్చి కట్టేసింది. ఆయన బల్లెక్కి పాతది విప్పాడు. అది ఇంకా వేడిగా ఉంది. అరచేతులు మార్చుకుంటూ కాసేపు పట్టుకున్నాడు, చెవి దగ్గర ఊపి చూశాడు. కొత్తది బిగించి, టీ తాగి, టీ బాగుందని చెప్పి వెళ్లాడు.

శుక్రవారం ఆ మెసేజీ కూడా లేచిపోయింది. రైలు టికెట్టు ఒక్కటే ఎప్పటిలాగే చేటలో టక్కుమంది. దాన్ని ఫోనులోకి వంచుతుంటే చేటమ్మ మణికట్టు కలుక్కుమంది గానీ, బాధ అక్కడ అనిపించలేదు.

సాయంత్రం డ్యూటీ దిగి వచ్చి, కూతురు తల్లి పక్కన కూర్చుంది. "నిజం చెప్పమ్మా. ఆయన వెళ్లిపోతే నీకేంటి?"

"నాకేముంది? పాపం, ఒంటరివాడు కదా అని."

"అదేనమ్మా తాలు" అంది కూతురు.

చేటమ్మ లేచి లోపలికి వెళ్లిపోయింది. అమ్మ అలిగిందేమో అనుకుంది కూతురు. అలక కాదది. భర్త పోయిన పన్నెండేళ్లలో తనకు ఎవరైనా కావాలని అనుకోవడం ఆవిడకి అలవాటు తప్పింది. ఊళ్లో అందరికీ పనికొచ్చే మనిషికి ఇంకొకరితో పనేం ఉంటుందనుకుంది ఇన్నాళ్లూ.

శనివారం పదకొండు గంటలకి ఒంటరిగా పెసలు చెరుగుతుంటే కుడి మణికట్టులో ఏదో పట్టేసింది. చేట జారి బోర్లా పడింది. పెసలు గదంతా దొర్లాయి. వేళ్లు ముడుద్దామంటే ముడుచుకోవడం లేదు. ఆ చెయ్యే కదా ఆవిడకి అన్నం పెట్టేది. గోడకి చేరగిలబడి, ఎడమచేతి బొటనవేలితో ఒక్కొక్క అక్షరం వెతుక్కుంటూ కొట్టింది. "కుడి చెయ్యి బిగుసుకుపోయింది. వేళ్లు ముడవలేకపోతున్నాను. భయంగా ఉంది. రండి."

తర్వాత ఆలోచించుకుంటే, కూతురి నంబరు నొక్కాలని ఆవిడకి తట్టనే లేదు.

అప్పుడు లిఫ్టు నాలుగో అంతస్తులో ఉంది. లోపల ఉన్న పెద్ద ఆఫీసరు తొమ్మిదో అంతస్తుకి వెళ్లాలి. లిఫ్టుగారు మెసేజీ చదివి, ఆఫీసరుని కిందకి దింపి, "మెట్లెక్కండి సార్" అని, లిఫ్టుకి తాళం వేసి, తాళంచెవి జేబులో వేసుకుని రోడ్డు దాటాడు. ఆవిణ్ణి ఆటోలో తీసుకెళ్తే, ఎముకల డాక్టరు కట్టు కట్టి, ఆరు వారాలు ఈ చేత్తో చేట కాదు కదా చెంచా కూడా ఎత్తొద్దన్నాడు. ఇల్లు చేరాక ఆయన మోకాళ్ల మీద వంగి గదంతా పాకుతూ పెసలన్నీ ఎత్తాడు. మంచం కింద ఉన్నవి కూడా. రైలు మాట ఆయన ఎత్తలేదు, ఆవిడా అడగలేదు.

ఆదివారం పొద్దున్న గుమ్మం ముందు వరుస ఉంది, చేట గోడకి ఆనించి ఉంది, చేటమ్మ చెయ్యి మెడ నుంచి వేలాడుతోంది. తొమ్మిది గంటలకి లిఫ్టుగారు పెట్టె పట్టుకుని వచ్చాడు.

"చెప్పి వెళ్దామని వచ్చానండీ."

రాత్రంతా అనుకున్న మాటలన్నీ వదిలేసి, చేటమ్మ గోడకున్న చేట చూపించింది. "మీ ఫోను ఒకసారి చెరుక్కుని వెళ్లండి. ఎలాగో నేను చెబుతాను" అంది.

ఆయన పీట మీద కూర్చుని చేట అందుకున్నాడు. మొదటిసారి ఎగరేస్తే అంతా వచ్చి మొహాన పడింది. మీసాల మీద ఒక స్థలం, చెవి వెనక ఒక లాటరీ. వరుసంతా గొల్లుమంది.

"అలా విసరకూడదండీ. మోచేతులు కదలకూడదు. పైకి అని, కిందకి రానివ్వండి."

"పైకి, కిందకి. అది నాకు వచ్చిన పనే" అన్నాడాయన, మీసాలు దులుపుకుంటూ.

మూడోసారికి కుదిరింది. తాలు బారుగా లేచిపోయింది. చేటలో రెండు గింజలు మిగిలాయి. ఒకటి టికెట్టు. రెండోది ఏమిటో చూడటానికి ఇద్దరూ ఒకేసారి వంగారు. భయంగా ఉంది, రండి.

"నిలిచిందండీ" అన్నాడాయన, గొంతు తగ్గించి.

చేట ఇంకోసారి ఎగరేశాడు. అది పొరపాటున ఎగరేశాడో, కావాలని ఎగరేశాడో తర్వాత ఎంత అడిగినా చెప్పలేదు. ఈసారి టికెట్టు లేచింది. ఆరు రోజులు టక్కుమంటూ పడిన గింజ తేలిగ్గా పైకి లేచి, అందరి తలల మీదుగా వెళ్లి కాలవలో పడింది.

"అయ్యో, నా టికెట్టు!" అని ఆయన సగం లేచాడు.

చేటమ్మ ఎడమచేత్తో ఆయన భుజం పట్టుకుంది. "తాలు వెనక పరిగెడతారేంటండీ. కూర్చోండి." ఊపిరి తీసుకుంది. "ఉండిపోండి. మీకోసం చెప్పడం లేదు. నాకు మీరు కావాలి."

వరుసలో ఉన్నవాళ్లంతా ఎవరి చెప్పులు వాళ్లు చూసుకున్నారు. గుమ్మంలో నిలబడ్డ కూతురు పెట్టె తీసుకుని లోపలికి వెళ్లింది.

పళ్ల డాక్టరు దగ్గర పనిచేసే అమ్మాయి నెమ్మదిగా ఫోను ముందుకు చాపింది. "బాబాయ్, నాది కూడా కాస్త. మొహాన పోసుకోకుండా చూడండి."

లిఫ్టుగారు కళ్లు తుడుచుకుని, చొక్కా చేతులు మోచేతుల దాకా మడిచి, ఆ ఫోను అందుకున్నాడు.