ఎన్నిస్ జట్టులో నిఖిల

నిఖిల పుట్టి పెరిగింది ఆస్ట్రేలియాలోని జీలాంగ్‌లో. అమ్మానాన్నలది బాపట్ల. నిఖిల ఆరడుగుల పొడవు. పెళ్ళిళ్ళలో చుట్టాలు "ఇంత పొడుగు పిల్లకి ఎవర్ని తెస్తావే" అని వాళ్ళమ్మను అడిగేవాళ్ళు. ఆవిడ నవ్వేసి, కూతుర్ని బాస్కెట్‌బాల్ ప్రాక్టీసుకి దింపడానికి కారు తాళాలు తీసుకునేది.

చివరికి ఆ ఆటే నిఖిలకు బతుకుతెరువైంది. దేశంలోని పెద్ద లీగ్‌లో రెండు సీజన్లు ఉంది కానీ, ఆడింది తక్కువ. తువ్వాలు భుజాన వేసుకుని, బెంచీ మీంచి మిగతావాళ్ళకి చప్పట్లు కొట్టడమే ఎక్కువ. ఆ తర్వాత వాళ్ళు మళ్ళీ పిలవలేదు. అప్పట్నుంచి అక్కడి ఆటగత్తెలు చాలామంది చేసేదే తనూ చేసింది. సొంత దేశంలో చిన్న లీగ్ ఆడటం, అది ముగియగానే సూట్‌కేసు సర్దుకుని యూరప్ రావడం. ఒక ఏడు హంగరీ, ఒక ఏడు పోర్చుగల్. ఈసారి ఐర్లండ్‌లో ఎన్నిస్.

ఇక్కడి జట్టులో జీతానికి ఆడేది తనొక్కతే. మిగతావాళ్ళు టీచర్లు, కాలేజీ పిల్లలు, పక్క ఊరు షానన్‌లో ఉద్యోగాలు చేసేవాళ్ళు. వాళ్ళు సాయంత్రం పనులయ్యాక ప్రాక్టీసుకొస్తారు. పగలు నిఖిల స్కూళ్ళకెళ్ళి పిల్లలకి ఆట నేర్పుతుంది. క్లబ్బువాళ్ళు ఆమెకి డెబోరా ఇంట్లో గది చూపించారు. డెబోరాది గుంటూరు, ఊళ్ళోనే వృద్ధాశ్రమంలో నర్సు. ఆమె కూతురు ఫెబి జూనియర్ జట్టులో ఆడుతుంది.

డిసెంబరులో ఒక పొద్దున పెద్ద లీగ్ నాటి పాత కోచ్ మెల్‌బోర్న్ నుంచి ఫోన్ చేశాడు. "మా జట్టులో ఒకమ్మాయికి మోకాలు దెబ్బతింది. వెంటనే రాగలవా?"

"ఎంతసేపు ఆడిస్తారు?" అడిగింది నిఖిల.

ఆయన అబద్ధమాడే మనిషి కాదు. "కొన్ని మ్యాచ్‌ల్లో ఐదు నిమిషాలు. కొన్నింట్లో అదీ ఉండకపోవచ్చు."

రేపు చెప్తానని నిఖిల వంటింట్లోకి వచ్చింది. డెబోరా ఉప్మా కలుపుతోంది.

"పెద్ద లీగ్‌కి మళ్ళీ పిలిచారు ఆంటీ. హ్యాపీగా ఉండాలి కదా. ఎందుకు అలా అనిపించట్లేదు?"

"నాకు ఆట సంగతి తెలీదమ్మా," అంది డెబోరా. "వెళ్తానంటే పచ్చడి కట్టిస్తా. ఉంటానంటే ఇక్కడే వండిపెడతా. నాకు రెండూ ఒకటే."

ఆ చివరి మాట నిజం కాదని ఆమె ముఖమే చెబుతోంది. నిఖిల నవ్వుకుంటూ ప్లేటు అందుకుంది.

మర్నాడు కోచ్‌కి ఫోన్ చేసి, "పిలిచినందుకు చాలా సంతోషం. కానీ నాకు ఆడాలని ఉంది," అని చెప్పింది. "నీ స్థానంలో ఉంటే నేనూ అదే చేసేవాణ్ణి," అన్నాడాయన. ఫోన్ పెట్టేశాక నిఖిలకి గుండె తేలికపడింది.

శనివారం డబ్లిన్ జట్టుతో కప్పు మ్యాచ్. ఒక్క పాయింటు వెనకబడి ఉన్నారు, ఆఖరి క్షణాలు. బంతి పట్టుకున్న నిఖిలను అవతలి జట్టువాళ్ళిద్దరు చుట్టుముట్టారు. పక్కన తన జట్టులోని నీవ్ అనే అమ్మాయి ఎవరి అడ్డూ లేకుండా ఖాళీగా కనబడింది. ప్రైమరీ స్కూల్లో టీచరు, గురి ఉన్న పిల్ల. నిఖిల బంతి ఆమెకిచ్చింది. బంతి రింగు మీద తిరిగి తిరిగి బయటికి పడింది. ఆ ఏటికి కప్పు ఆశ పోయింది.

నీవ్ కళ్ళనిండా నీళ్ళు. నిఖిల వెళ్ళి పక్కన కూలబడింది.

"నువ్వే వేసుండాల్సింది," అంది నీవ్.

"మళ్ళీ అలాగే జరిగితే మళ్ళీ నీకే ఇస్తా. నీ గురి నాకు తెలుసు."

ఓడిన బాధ ఉంది. కానీ కాళ్ళు పీకేదాకా ఆడిన ఒంటికి ఆ అలసట ఎంతో హాయిగా ఉంది. జట్టంతా చెమట బట్టలతోనే చిప్స్ అమ్మే కొట్టుకి వెళ్ళింది. ఫెబి కూడా వాళ్ళ మధ్య ఇరుక్కుని కూర్చుంది.

వసంతంలో లీగ్ ముగిసేసరికి జట్టు మూడో స్థానంలో నిలిచింది. ఇంకో ఏడాది ఉంటావా అని క్లబ్బు అడిగింది. నిఖిల సరేనంది. ఆ సంగతి డెబోరాకి చెప్పగానే, నిఖిల గది మంచం పొట్టిగా ఉందని, కాళ్ళు బయటికొస్తున్నాయని, ముందు దాన్ని మార్చాలని ఆమె కొలతలు తీయడం మొదలుపెట్టింది.