పందిరి కణాలు

"ఇంతకీ అక్కడ రోజంతా ఏం చేస్తావమ్మా?" అంది అత్తగారు, దవడ కింద చెయ్యి పెట్టుకుని. పంటినొప్పితో ఆమెకి అక్కడ బిళ్ల కట్టింది.

"ఆ బిళ్ల మీదేనత్తయ్యా నా పని," అంది కోడలు టీ వడపోస్తూ. "ఒంట్లో జబ్బు చొరబడితే దాన్ని పట్టుకునే యాంటీబాడీలు అలాంటి బిళ్లల్లోనే తయారవుతాయి."

"మందు రాసిచ్చే డాక్టరువైతే ఇప్పుడు పనికొచ్చేదానివి," అని అత్తగారు నిట్టూర్చింది. కోడలి భర్త ఫోన్లోంచి తలెత్తకుండానే, "అక్కడా జల్లెడ పట్టడమేలేమ్మా. కాకపోతే ఎలుకల బిళ్లలు," అని నవ్వాడు. కోడలూ నవ్వింది. ఆ మాట అబద్ధమైతే కోపమైనా వచ్చేది.

నిజంగా జల్లెడే. ల్యాబులో ఎలుక బిళ్లని సన్నటి వల మీద పెట్టి రుద్దుతారు. కిందికి జారే కణాలే అందరికీ ముద్దు, యాంటీబాడీలు చేసే దొరలు వాటిలోనే ఉంటారు మరి. పైన మిగిలిన పిప్పి చెత్తబుట్టలోకి పోతుంది. ఆమె కూడా చాలాకాలం అలాగే పారేసింది. ఒకరోజు ఎందుకో చెయ్యి రాలేదు. ఇంట్లో గిన్నె అడుగున మిగిలింది తనే తినే అలవాటు కాబోలు, పారెయ్యడమంటే ప్రాణం ఉసూరుమంటుంది. ఆ పిప్పిని ఎంజైములో నానబెట్టి కరిగిస్తే, బిళ్లని లోపలినుంచి నిలబెట్టే కణాలు బతికి బయటపడ్డాయి. తీగకి పందిరిలాంటివి. ల్యాబంతా వాటికి పందిరి కణాలని పేరు పెట్టి, ఆమెకి జల్లెడమ్మ అని పెట్టింది.

అక్కడిదాకా బాగానే ఉంది. యాంటీబాడీలు చేసే కణాలు ఒంటరిగా ఉంటే చచ్చిపోతున్నాయి, పక్కన కాసిని పందిరి కణాలు వేస్తే బతికి పని చేస్తున్నాయి. అది చూసి ల్యాబు నడిపే పెద్దసారు మురిసిపోయాడు. పరిశోధన పేపరు రాద్దామన్నాడు, ముందు నీ పేరేనన్నాడు. ఇన్నేళ్ల చాకిరీలో ఆమె పేరు ముందు రావడం అదే మొదటిసారి. ఆ ఉత్సాహంలో ఆమె పందిరి కణాల్ని మరిన్ని వేసింది. యాంటీబాడీలు తగ్గిపోయాయి. ఇదేం చోద్యం! మళ్లీ చేసింది. మళ్లీ అంతే. వాటిని చేసే కణాలు చచ్చాయేమోనని చూస్తే నిక్షేపంగా బతికున్నాయి. అన్నం పెట్టే చెయ్యే ఆపుతోంది.

ఆమెకి తల తిరిగిపోయింది. గొట్టాలు మార్చింది, ఎలుకల్ని మార్చింది, తన చేతినే అనుమానించింది. హద్దు మీరితే యాంటీబాడీలు సొంత ఒంటి మీదే పడతాయని ఆమెకి తెలియక కాదు. అయితే ఈ ఆపడం మేలా? మరి అదే మేలైతే తనకెందుకింత బాధ? ఆ కణాల తరఫున తనే తలదించుకున్నట్టు, ఎవరో వచ్చి నిలదీస్తారన్నట్టు ఎందుకీ కంగారు? ఆదివారం ఆదివారం భర్త స్నేహితులకి వండిపెట్టడం ఇక నావల్ల కాదని ఒకసారి అంది. ఒక్కసారే. "చేసేదానివి చేస్తూ ఉండక ఇదేం బుద్ధే!" అన్నాడాయన. "ఇంత రాయివనుకోలేదు," అంది అత్తగారు. ఆ పై ఆదివారం తనే పిలిచి మరీ వండిపెట్టింది. ఎందుకు వండిందో ఇప్పటికీ తెలియదు. ఎలుకల గురించి ఆలోచిస్తూ ఆదివారాల్లోకి ఎలా వచ్చిపడిందో అంతకన్నా తెలియదు. బుర్రంతా కలగాపులగం.

పేపరు పంపించే రోజు పెద్దసారు గదిలోకి పిలిచాడు. తెరమీద యాంటీబాడీల లెక్క చూపే బొమ్మ ఉంది, పందిరి కణాలు పెరిగేకొద్దీ గీత పైకెక్కి, ఆపైన కిందికి దిగుతోంది.

"ఈ దిగే సగం తీసేద్దామమ్మా."

"కణాలు బతికే ఉన్నాయి సార్. అన్నిసార్లూ అలాగే వచ్చింది."

"వచ్చుండొచ్చు. కానీ పందిరి తీగని ఆపుతుందా ఎక్కడైనా? వాటి పని ఆసరా ఇవ్వడం. ఎక్కడో పొరపాటు జరిగుంటుంది. ఎక్కే సగం ముచ్చటగా ఉంది, పంపిద్దాం. నీ పేరు ముందుంటుంది, ఇంకేం కావాలి?"

ఆమె తన పేరు వైపు చూసింది. అక్షరాలు ముద్దుగా ఉన్నాయి. సరేనండీ అనే మాట నాలుక చివరిదాకా వచ్చింది, అలవాటైన దారే కదా.

"ఆ సగం తీస్తే నా పేరు కూడా తీసెయ్యండి సార్."

ఆయన కళ్లజోడు తీశాడు.

"సరే, ఉంచుదాం. ఎందుకు తగ్గుతోందో చెప్పు, రాద్దాం."

"తెలీదు సార్."

"తెలియనిదాని కోసమా నీకింత పంతం?"

"తెలుసుకోలేదు సార్," అంది ఆమె, ఆయనతోనో ఇంకెవరితోనో తనకే తేలక. "అవెందుకు ఆపుతున్నాయని నేను ఒక్కసారి కూడా అడగలేదు. ఆపడమంటేనే తప్పనుకుని, ఇన్నాళ్లూ ఆ తప్పు నాలో ఎక్కడుందా అని వెతుక్కుంటూ కూర్చున్నాను."